ఆ జుమ్మనే శబ్దం ఎక్కడి నుంచి వస్తోంది?

(ఇంట్లోనే పాటలు రికార్డు చేసుకునేవాళ్ల కోసం చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగు విని రాశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? సరే.

నేను మాట్లాడే ముందు మీరు ఒకటి వినాలి. మీరెవరూ లోపలికి రాకముందు, ఈ గది ఖాళీగా ఉన్నప్పుడు, ఇదిగో ఈ టేబుల్ మీదే మైక్ పెట్టి అర నిమిషం రికార్డు చేశాను. ఎవరూ మాట్లాడలేదు, ఎవరూ పాడలేదు. మామూలు వాల్యూమ్‌లో పెడుతున్నాను, వినండి. ఏమీ లేదు కదా? ఇప్పుడు అదే ముక్కని 40 డెసిబెల్స్ పెంచి పెడతాను. అంటే సిగ్నల్‌ని వంద రెట్లు పెంచుతున్నానన్నమాట.

విన్నారా? ఎన్ని వినిపించాయి మీకు? ఫ్యాన్ అన్నారు ఒకరు. అవును, ఉంది. ఇంకా? ఏసీ. అదీ ఉంది. మీరేమన్నారమ్మా, లైటా? లైటు అని ఎలా పట్టారు? "జిర్రుమంటోంది" అన్నారు. చూశారా, ఆ మాటే నాకు కావాలి. ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఆ మాట దగ్గరే మొదలవుతుంది.

మనలో చాలామందికి ఒక అలవాటు ఉంది. పాట రికార్డు చేస్తాం. వింటే వెనక ఏదో రొద. వెంటనే ఏం చేస్తాం? సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్ తెరిచి, స్లైడర్ పైకి జరుపుతాం. రొద పోతుంది. కానీ దాంతో పాటు ఏం పోయిందో ఎప్పుడైనా గమనించారా? స్వరం చివర సన్నగా సాగే తోక పోతుంది. గొంతులోని ఊపిరి పోతుంది. నీళ్లలో తల ముంచి పాడినట్టు ఉంటుంది. నేను కొన్నేళ్లపాటు అదే చేశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. రొదని తీసేయడం తర్వాతి సంగతి. ముందు అది ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోండి. ఏదో ఒక వస్తువు ఆ శబ్దం చేస్తోంది. ఏదో ఒక దారిన అది మీ రికార్డింగులోకి వస్తోంది. ఆ వస్తువో, ఆ దారో దొరికితే చాలాసార్లు ఒక్క ప్లగ్గు మారిస్తే పని అయిపోతుంది.

మరి కనుక్కోవడం ఎలా? మొదటి పని, ఆ శబ్దాన్ని మీ నోటితో అనండి. నిజంగానే చెబుతున్నాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, గట్టిగా పెంచి, విన్నది విన్నట్టు అనండి. మన భాషకి ఇందులో గొప్ప బలం ఉంది. జుమ్మంటోందా, జిర్రుమంటోందా, బుస్సుమంటోందా, కీమంటోందా, చిటపటలాడుతోందా, గణగణలాడుతోందా? ఈ ఆరు మాటలూ ఆరు దారులు చూపిస్తాయి. "నాయిస్ వస్తోంది" అంటే ఎవరూ సాయం చేయలేరు. "జుమ్మంటోంది" అంటే సగం పని అయినట్టే.

జుమ్ముతోనే మొదలుపెడదాం, ఎందుకంటే ఇంటి రికార్డింగుల్లో ఎక్కువగా ఏడిపించేది అదే. లోతుగా, ఒకే శ్రుతిలో, ఆగకుండా ఉంటుంది. అది కరెంటు శబ్దం. ప్రపంచంలో చాలా దేశాల్లో కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది, ఉత్తర అమెరికా లాంటి చోట్ల 60 సార్లు. ఆ 50 హెర్ట్జ్, దాని మీద 100, 150, 200 ఇలా మెట్లు మెట్లుగా వినిపిస్తాయి. పాడేవాళ్లకి ఒక గుర్తు చెబుతాను. 50 హెర్ట్జ్ అంటే మంద్రంలో జి స్వరానికి కాస్త పైన ఉంటుంది. మీరు ఏ శ్రుతిలో పాడినా అది మాత్రం తన శ్రుతి వదలదు. పాట మారినా, వాయిద్యం మారినా అదే స్వరం పట్టుకుని కూర్చుందంటే అనుమానం అక్కర్లేదు, అది కరెంటే.

ఇది నాకు జరిగింది. నా దగ్గర లాప్‌టాప్, దానికి మైకు శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే ఆడియో ఇంటర్‌ఫేస్, ఇంకో పక్క కీబోర్డుకి ఒక యాంప్. యాంప్ వెనక నుంచి ఇంటర్‌ఫేస్‌కి ఒక కేబుల్ వేశాను. జుమ్. మైక్ మార్చాను, జుమ్. కేబుల్ మార్చాను, జుమ్. మూడు సాయంత్రాలు పోయాయి. మూడో రోజు రాత్రి ఒక కాగితం తీసుకుని, కరెంటుకి తగిలించినవన్నీ రాసుకున్నాను. ఒక్కొక్కటి పీకుతూ, పీకిన ప్రతిసారీ పది సెకన్లు విని, కాగితం మీద టిక్కో ఇంటూనో పెట్టుకుంటూ వచ్చాను. మానిటర్ పీకాను, ఉంది. టేబుల్ లైటు పీకాను, ఉంది. లాప్‌టాప్ చార్జర్ పీకాను... హెడ్‌ఫోన్స్ చెవిలోంచి ఊడిపోయాయేమో అనుకున్నాను. అంత నిశ్శబ్దం.

ఎందుకలా? యాంప్‌కి ఎర్త్ ఉంది. లాప్‌టాప్‌కి కూడా చార్జర్ మూడో పిన్ను ద్వారా ఎర్త్ ఉంది. ఈ రెండూ గోడలోని ఎర్త్ వైరు దగ్గర ఒకసారి కలిశాయి. నేను వేసిన కేబుల్ మీద ఉండే లోహపు తొడుగు ద్వారా రెండోసారి కలిశాయి. రెండు దారులూ కలిసి ఒక చుట్టు అయింది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. చుట్టూ ఉన్న కరెంటు వైర్ల అయస్కాంత క్షేత్రం వల్ల ఆ చుట్టులో సన్నటి కరెంటు తిరుగుతూ ఉంటుంది. అది తిరిగేది పాట వెళ్లే దారిలోనే. కాబట్టి పాటలో కలుస్తుంది. చార్జర్ పీకగానే చుట్టు తెగింది.

ఇక్కడ ఒక్క మాట. దయచేసి అందరూ ఇటు వినండి. చుట్టు తెంచాలని ఎర్త్ పిన్ను విరగ్గొట్టేవాళ్లు, ఎర్త్ వైరు కత్తిరించేవాళ్లు ఉన్నారు. జుమ్ము పోతుంది, నిజమే. కానీ రేపు ఆ యాంప్ లోపల వైరు ఊడి బాడీకి తగిలితే, కరెంటు వెళ్లడానికి మిగిలే దారి మీ శరీరమే. చేతిలో గిటారు, పెదవుల దగ్గర మైకు. ఆ పని ఎప్పుడూ చేయకండి. ఎప్పుడూ. మైకుకి పెదవి తగిలినప్పుడు జివ్వుమన్నా, తీగలు ముట్టుకుంటే చురుక్కుమన్నా రికార్డింగు ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

మరి ఏం చేయాలి? అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలించండి, ఎర్త్ దారి పొట్టిదవుతుంది, చుట్టు చిన్నదవుతుంది. రికార్డు చేసేంతసేపూ లాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడపండి. ఇంకా ఉంటే, గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉన్న డీఐ బాక్స్ అనే చిన్న పెట్టెని కేబుల్ మధ్యలో పెట్టండి. అది ఆడియో దారిలో చుట్టుని తెంచుతుంది, మీ ప్రాణాన్ని కాపాడే ఎర్త్‌ని ముట్టుకోదు. ఎక్కడ వీలైతే అక్కడ బ్యాలెన్స్‌డ్ కేబుల్ వాడండి. అందులో ఒకే పాట రెండు వైర్ల మీద వెళ్తుంది, ఒకటి తిన్నగా, ఒకటి తలకిందులుగా. దారిలో చేరిన రొద మాత్రం రెండిటి మీదా ఒకేలా పడుతుంది. చివర్లో ఒకదాన్నుంచి ఇంకోదాన్ని తీసివేస్తే పాట రెట్టింపవుతుంది, రొద దాదాపు సున్నా అవుతుంది. ఎంత అందమైన ఆలోచనో చూడండి.

ఎలక్ట్రిక్ గిటారులో తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే భాగాన్ని పికప్ అంటారు. అందులో హంబకర్ అనే రకం చేసేది కూడా దాదాపు ఇదే. 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజనీరు దీనికి పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. రెండు తీగచుట్లు పక్కపక్కన పెట్టి, జుమ్ము ఒకదాన్నొకటి కొట్టేసుకునేలా కలిపాడు. మీది ఒకే తీగచుట్టు పికప్ ఉన్న, అంటే సింగిల్ కాయిల్ గిటారైతే ఇంటికెళ్లాక ఇది చేయండి. గిటారు పట్టుకుని కుర్చీలో కూర్చుని మెల్లగా చుట్టూ తిరగండి. జుమ్ము పెరుగుతుంది, తగ్గుతుంది, ఒక దిక్కున దాదాపు మాయమవుతుంది. ఆ దిక్కున కూర్చుని వాయించండి. పైసా ఖర్చు లేదు.

ఇక జిర్రు. ఇదీ కరెంటు బంధువే, కానీ గరుకుగా, కందిరీగ గాజు సీసాలో తిరిగినట్టు ఉంటుంది. లైటు వెలుగు తగ్గించే డిమ్మర్లు, ఫ్యాన్ రెగ్యులేటర్లు, కొన్ని ఎల్‌ఈడీ బల్బులు. ఇవి కరెంటుని సాఫీగా కాకుండా ముక్కలు ముక్కలుగా కోసి వాడుకుంటాయి, అందుకే ఆ గరుకు. పరీక్ష సులువు. స్విచ్ ఆపండి. పోయిందా? అదే. దొంగ దొరికాడు.

కీమనేది వేరు. సన్నగా, పదునుగా, కంప్యూటర్ పని చేస్తున్నంతసేపూ ఉంటుంది. మౌస్ కదిపితే శ్రుతి మారుతుందా? స్క్రీన్ మీద పేజీ జరిపితే మారుతుందా? అయితే అది కంప్యూటర్ లోపలి నుంచి వస్తోంది. యూఎస్‌బీలో ఒక విచిత్రం ఉంది. పాత ఫుల్ స్పీడ్ పద్ధతిలో అది సెకనుకి 1000 సార్లు, హై స్పీడ్‌లో 8000 సార్లు డేటాని పంపుతుంది. యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకునే మైకుల్లో, ఇంటర్‌ఫేసుల్లో సరిగ్గా 1000 హెర్ట్జ్ దగ్గర, 8000 హెర్ట్జ్ దగ్గర ఆ కీ వినిపించడానికి కారణం అదే. ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దం ఉందో చూపించే స్పెక్ట్రమ్ ఎనలైజర్‌లో చూడండి, సూది నిలబెట్టినట్టు గీత కనిపిస్తుంది. వేరే పోర్టుకి మార్చి చూడండి, లేదా సొంత పవర్ ఉన్న హబ్ మధ్యలో పెట్టండి.

ఫోన్ సంగతి చెప్పాలి. టక టక టక, జర్రర్ర్ అని స్పీకర్లో వస్తుంది చూడండి, ఫోన్ మోగేముందు. పాత జీఎస్‌ఎం పద్ధతిలో ఫోన్ సెకనుకి 217 సార్లు సిగ్నల్‌ని కొడుతుంది. ఆ దెబ్బలు కేబుల్ మీద పడితే వచ్చేదే ఆ శబ్దం. ఫోన్ పక్క గదిలో పెట్టండి. సైలెంట్‌లో పెడితే చాలదు, పక్క గదిలో పెట్టండి.

ఇప్పుడు బుస్సు. వర్షం దూరంగా పడుతున్నట్టు ఉండే శబ్దం, హిస్ అంటాం. దీని గురించి కాస్త ఆగి మాట్లాడాలి, ఎందుకంటే ఇది మిగతావాటిలాంటిది కాదు. జుమ్ము తప్పు వల్ల వస్తుంది. బుస్సు ప్రకృతి నుంచే వస్తుంది. ఏ తీగలోనైనా, ఏ రెసిస్టర్‌లోనైనా ఎలక్ట్రాన్లు వేడి వల్ల కదులుతూనే ఉంటాయి. ఆ కదలికే శబ్దం. అమెరికాలో బెల్ లాబ్స్ అనే పరిశోధనశాలలో జాన్సన్ అనే శాస్త్రవేత్త దాన్ని కొలిచాడు, నైక్విస్ట్ అనే ఇంకొకాయన లెక్క కట్టాడు, 1928లో ఇద్దరూ ప్రచురించారు. గది ఉష్ణోగ్రత దగ్గర 150 ఓమ్‌ల మైకు నుంచి వచ్చే ఆ బుస్సు సుమారు మైనస్ 131 డీబీయూ. డీబీయూ అంటే సిగ్నల్ వోల్టేజీని డెసిబెల్స్‌లో చెప్పే కొలత. మైకు సిగ్నల్‌ని పెంచే ప్రీయాంప్ ఎంత ఖరీదైనదైనా దానికన్నా కిందికి వెళ్లలేదు. మంచి ఇంటర్‌ఫేసులు మైనస్ 128 దగ్గర ఉంటాయి. అంటే తేడా 3 డెసిబెల్సే. మరి మీ రికార్డింగులో ఇంత బుస్సు ఎందుకుంది? పరికరం మంచిది కాదనా? చాలాసార్లు కాదు. మైకు దూరంగా ఉంది, అంతే.

చిన్న లెక్క. నోటికీ మైకుకీ దూరం సగం చేస్తే పాట దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. 80 సెంటీమీటర్ల నుంచి 40కి వస్తే 6, 20కి వస్తే 12. అప్పుడు గెయిన్, అంటే ప్రీయాంప్ సిగ్నల్‌ని పెంచే మోతాదు, 12 తగ్గించవచ్చు. గెయిన్ 12 తగ్గితే ప్రీయాంప్ బుస్సు తగ్గుతుంది, దాంతోపాటు ఫ్యాన్, వీధి, గది అన్నీ 12 తగ్గుతాయి. 60 సెంటీమీటర్లు ముందుకు జరిగితే ఇంత లాభం. మరీ దగ్గరైతే ప, బ అక్షరాలు టప్పుమంటాయి, గొంతు మందమవుతుంది, అది చూసుకోవాలి. ఊపిరి దెబ్బని ఆపే పాప్ ఫిల్టర్ పెట్టండి, మైకుని నోటికి తిన్నగా కాకుండా కొంచెం పక్కకి తిప్పి పెట్టండి.

ఇంకొకటి. గెయిన్ భయపడి మరీ తగ్గించేవాళ్లున్నారు, మీటరు ఎరుపుని తాకేలా పెంచేవాళ్లున్నారు. 24 బిట్‌లో రికార్డు చేస్తున్నప్పుడు గట్టిగా పాడిన చోట మీటరు మైనస్ 12, మైనస్ 10 దగ్గర ఆగేలా పెట్టుకోండి. తర్వాత గట్టి చోట్లని అణిచి మొత్తాన్ని పైకి తెచ్చే కంప్రెసర్ వేసి 12 డెసిబెల్స్ లేపితే, కింద పడుకున్న బుస్సు కూడా 12 లేస్తుందని గుర్తుంచుకోండి. చాలామంది "మిక్స్‌లో నాయిస్ వచ్చింది" అంటారు. మిక్స్‌లో రాలేదు. మొదటి నుంచీ ఉంది, మిక్స్‌లో నిద్ర లేచింది.

చిటపటలు. ఇక్కడ ఒకే ఒక్క ప్రశ్న వేసుకోండి. అదే ముక్కని రెండుసార్లు ప్లే చేస్తే, చిటుక్కు సరిగ్గా అదే చోట వస్తోందా, వేరే చోట వస్తోందా? వేరే చోట వస్తే ఆ శబ్దం ఫైల్‌లో లేదు, కంప్యూటర్ ప్లే చేయలేక తడబడుతోంది. బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో పట్టుకునే శబ్దపు ముక్క సైజు, పెంచండి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 64 శాంపిల్స్ అంటే 1.3 మిల్లీసెకన్లు, కంప్యూటర్‌కి ఊపిరి పీల్చుకునే టైమ్ లేదు. 512 అంటే 10.7, నిదానంగా పని చేసుకుంటుంది. అదే చోట వస్తే అది రికార్డయిపోయింది. అప్పుడు కేబుల్ పట్టుకుని జాక్ దగ్గర మెల్లగా కదపండి. గరగరమందా? అయితే దోషం కేబుల్‌దో జాక్‌దో. జాక్ ముట్టుకోకుండానే, అప్పుడప్పుడూ టప్ టప్ మంటూ ఉంటే, అందులోనూ కండెన్సర్ మైకైతే, లోపల తేమ చేరి ఉండొచ్చు. సిలికా జెల్ పొట్లాలతో మూసిన డబ్బాలో ఒకటి రెండు రోజులు ఉంచి చూడండి. మైకు పాడైందని పారేసేముందు ఇది చేయండి.

చివరిది, నాకు చాలా ఇష్టమైనది, గణగణ. వాయించినప్పుడే వస్తుంది, ఆపితే ఆగిపోతుంది. అందుకే ఎవరికీ గది మీద అనుమానం రాదు, అందరూ వాయిద్యాన్నే అనుమానిస్తారు.

నా మిత్రురాలు వయొలిన్ వాయిస్తుంది. ఒకే ఒక్క స్వరం దగ్గర, డి తీగ వట్టిగా మోగించినప్పుడు మాత్రమే, వెనక సన్నగా గిర్రుమనేది. తీగ మార్చింది. బ్రిడ్జి చూపించింది. మరమ్మతు చేసేవాళ్ల దగ్గర వయొలిన్ బానే ఉంది, ఇంటికొస్తే గిర్రు. పాపం, ఆ టెన్షన్‌లో విల్లు బరువు తగ్గించేసి వాయించడం మొదలుపెట్టింది. నన్ను పిలిచింది. నేను వయొలిన్ ముట్టుకోలేదు. స్పీకర్ లోంచి ఒక సన్నటి స్వరాన్ని, సైన్ వేవ్‌ని, 80 హెర్ట్జ్ నుంచి మెల్లగా పైకి జరుపుతూ పోయాను. 250, 270, 280... 290 దాటగానే గది మూలలో గిర్ర్. డి తీగ దాదాపు 294 హెర్ట్జ్. స్వరాన్ని అక్కడే ఆపి, ఇద్దరం లేచి వస్తువుల మీద ఒక్కొక్కదాని మీదా అరచెయ్యి పెడుతూ వెళ్లాం. కిటికీ అద్దం, ఆగలేదు. గోడ మీది ఫోటో, ఆగలేదు. పుస్తకాల అర, ఆగలేదు. నిలువు దీపం మీద రేకు గొడుగు ఉంది. దాని మీద ఆమె వేలు పెట్టగానే ఆగిపోయింది. వేలు తీసింది, గిర్ర్. పెట్టింది, ఆగింది. గొడుగుని పట్టి ఉంచే చిన్న స్క్రూ వదులైంది, అంతే. అర చుట్టు బిగించాం. ఆమె ముఖం చూడాలి అప్పుడు. మూడు నెలలుగా తన చేతినే అనుమానించుకుంది కదా.

ఈ పరీక్ష మీరూ చేయండి. వాల్యూమ్ మరీ ఎక్కువ వద్దు, చెవులు జాగ్రత్త. డ్రమ్స్ ఉన్న గదిలో స్నేర్ కింది తీగలు, గోడకి తగిలించిన ఇంకో గిటారు తీగలు, పెన్నులు వేసిన కప్పు, అన్నీ ఇలా పలుకుతాయి.

అన్నీ చేశాక కూడా కొంత మిగులుతుంది. లేదా మళ్లీ రికార్డు చేయలేని పాట ఒకటి ఉంటుంది. అప్పుడు నాయిస్ రిడక్షన్ వాడండి, తప్పు లేదు. నా పద్ధతి చెబుతాను. పాట మొదలవకముందు అర నిమిషం ఖాళీ గది ఎప్పుడూ రికార్డు చేసి ఉంచుతాను, సాఫ్ట్‌వేర్‌కి రొద రుచి చూపించడానికి. ఒకేసారి 12 డెసిబెల్స్ తీయను. 4 చొప్పున, ప్రతిసారీ విని, గొంతు మారుతున్నట్టు అనిపించిన చోట ఆపేస్తాను. జుమ్ము ఒక్కటే ఉంటే దాని 50, 100, 150 దగ్గర ఆ ఒక్కో స్వరాన్నే కోసేసే సన్నటి నాచ్ ఫిల్టర్లు చాలు, మొత్తం పాటని ముట్టుకోనక్కర్లేదు. తీసిన రొదని విడిగా వినే బటన్ చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది. అది నొక్కండి. అందులో పాట మాటలు వినిపిస్తున్నాయా? అయితే మీరు పాటనే తీసేస్తున్నారు. వెనక్కి రండి.

ఒక చీటీ వచ్చింది. "నాకు ఇంటర్‌ఫేస్ లేదు, ఫోన్‌లోనే పాడుకుంటాను, ఇవన్నీ నాకు పనికొస్తాయా?" అని. తప్పకుండా పనికొస్తాయి. చార్జర్ పీకేయండి. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఫోన్‌ని టేబుల్ మీద ఊరికే పెట్టకండి, కింద మడతపెట్టిన టవల్ వేయండి, లేకపోతే మీ కాలి తాళం కూడా రికార్డవుతుంది. యాప్‌లో ఆటోమేటిక్ గెయిన్, నాయిస్ సప్రెషన్ ఉంటే రెండూ ఆపేయండి. అవి మాటల కోసం చేసినవి, సాగే స్వరాన్ని రొద అనుకుని నొక్కేస్తాయి. ఫ్యాన్ ఆపి, రికార్డు బటన్ నొక్కి, అర నిమిషం ఏమీ అనకుండా ఉండండి. ఆ అర నిమిషాన్ని హెడ్‌ఫోన్స్‌లో పెంచి వినండి. జుమ్మంటోందో బుస్సుమంటోందో నోటితో అని చూసుకుని, సరిచేసుకుని, అప్పుడు పాట మొదలుపెట్టండి.